ఉండనిచ్చినవాళ్ల అమ్మాయి

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 9, ఆదివారం మధ్యాహ్నం.

ఎక్కాలు నేర్పే నెపంతో నా రెండు చెవులూ సమానంగా మెలిపెట్టిన మహోపకారి, మా అక్కగారికి,

నీ చెల్లెలు పెన్ను పళ్ల మధ్య పెట్టుకుని, రెండు చేతులూ జోడించి, మళ్లీ పెన్ను చేతిలోకి తీసుకుని రాసుకునేది. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. మీరు ముగ్గురూ మా కంటే కాస్త ఎక్కువగానే బాగున్నారని నా నమ్మకం. అమ్మ మోకాలు వాన వచ్చే ముందు రేడియో కంటే నిక్కచ్చిగా చెబుతోంది. నాన్న పౌరసత్వ నమోదు ఆఫీసు నుంచి రిటైరై రెండేళ్లవుతున్నా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కుర్చీ, ముందు ఒక బల్ల వేసుకుని కూర్చుంటున్నాడు. నిన్న పాలవాడు కూడా పొరపాటున వరసలో నిలబడ్డాడు.

ఇక అసలు వార్త. నిలబడి చదువుతుంటే కూర్చో. నాకు ఉద్యోగం వచ్చింది.

నవ్వకు. లా డిగ్రీ మూడో క్లాసులో పాసైనదాన్ని ఎవరు తీసుకున్నారు అంటావేమో, పౌరసత్వ చట్టాన్ని తిరగరాయడానికి వేసిన కమిటీ తీసుకుంది. నా మార్కులు వాళ్లకి అక్కర్లేదట. నా గొంతు కావాలట. పని ఏమిటంటే, కమిటీ రాసిన ప్రతి క్లాజునీ ఊరూరా సభ పెట్టి గట్టిగా చదవడం. చదివాక, జనంలో ఎవరో ఒకరు లేచి తమకి ఏం అర్థమైందో తమ మాటల్లో తిరిగి చెప్పాలి. సరిగ్గా చెబితే క్లాజు పాసు. తప్పు చెబితే క్లాజు ఫెయిలు, మళ్లీ రాయాల్సిందే. చెప్పినవాడి తప్పు మాత్రం ఎప్పటికీ కాదు. ఇది మా చైర్మన్ గారి పద్ధతి. ఆయన ఒక మాజీ జడ్జి. ప్రతి మాటకీ ముందు ‘నిదానం’ అంటారు కాబట్టి ఆఫీసులో అందరికీ ఆయన నిదానం గారే. ఇంటర్వ్యూలో నేను గడగడా మూడు పేజీలు చదివేస్తే, నిదానం, ఊరికి చెప్పు, రైలుకి కాదు అన్నారు.

ఆ మూడు పేజీలూ పాత చట్టంలోవి. కాలేజీలో పరీక్ష కోసం చదివాను గానీ, నిజంగా చదవడం ఇదే మొదటిసారి. అక్కా, దొరలు ఓడలెక్కి వెళ్లిపోయి ముప్ఫై ఏళ్లవుతోంది. మనం జెండా మార్చాం, వీధుల పేర్లు మార్చాం, గోడల మీద ఫొటోలు మార్చాం. ఈ చట్టాన్ని మాత్రం అట్ట ఒక్కటి మార్చి లోపలంతా అలాగే ఉంచేశాం. అందులో మనుషులు మూడు తరగతులు. ఒకటి, నేలకి పుట్టినవాళ్లు. రెండు, నమోదైనవాళ్లు. మూడు, ఉండనిచ్చినవాళ్లు. పేరు చూడు ఎంత మర్యాదగా ఉందో, వెళ్లమంటే వెళ్లాలి అన్న మాట అందులో పూర్తిగా మడిచి పెట్టి ఉంది.

బావ వాళ్ల తాతని రైలు పట్టాలు వేయడానికి ఓడల్లో తెచ్చారు. పట్టాలు పూర్తయ్యాక తిరిగి తీసుకెళ్లడం మరిచిపోయారు. ఆ తాత వేసిన పట్టాల మీదే మా కమిటీ ఊరూరా తిరగబోతోంది. ఆయన మనవడు మాత్రం, రేవులో సగం పడవల ఇంజన్లు తన చేతి చలవతోనే తిరుగుతున్నా, ఇప్పటికీ ‘ఉండనిచ్చినవాడే’. ఇక పదహారో సెక్షను సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. ఆడపిల్ల మూడో తరగతివాణ్ణి చేసుకుంటే తనూ మూడో తరగతికి దిగిపోతుంది. మగవాడు మూడో తరగతి పిల్లని చేసుకుంటే ఆ పిల్లే పైకి ఎక్కుతుంది. చట్టం దృష్టిలో మొగుడంటే లిఫ్టు, అది ఎటు పోతే నువ్వు అటు. నీ స్కూలు ఉద్యోగం ఆ లిఫ్టులోనే పోయిందని పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. నీ పెళ్లప్పుడు నాకు ఏడేళ్లు. అక్క ఇక బడికి ఎందుకు వెళ్లడం లేదంటే, సెలవులు అని చెప్పారు. చాలా పెద్ద సెలవులు ఇచ్చారులే అనుకున్నాను.

పోయిన ఉత్తరంలో నువ్వు రాసినది నాలుగుసార్లు చదివాను. చట్టం మారినా ఆ కౌంటరు దగ్గరికి వెళ్లి మళ్లీ చెయ్యి చాపను అన్నావు. అక్కడే, ఆ బల్ల వెనకే, గుమస్తా నేను చేస్తానండీ అంటున్నా వినకుండా, మీ నాన్న తన చేత్తోనే నా పేరు కొట్టేశాడు అన్నావు. ‘మీ నాన్న’ అని రాశావు. కాసేపు ఎవరి నాన్న గురించో అనుకున్నాను.

నేను ఆయన తరఫున వాదించను. లా చదివినందుకు ఆ మాత్రం తెలుసు, క్లయింటు నోరు విప్పని కేసు తీసుకోకూడదు. కానీ నీ కూతురు, మన కట్లమ్మ సంగతి ఆలోచించు. పిల్లి కాలికి, కుర్చీ కాలికి, పోయినసారి వచ్చినప్పుడు దెబ్బే తగలని నా వేలికి కూడా కట్టు కట్టిన పిల్ల అది. నర్సింగ్ స్కూల్లో చేరాలంటే మొదటి తరగతి అయి ఉండాలి. ఈ ఏడే దానికి పదహారు నిండుతాయి, చేరాల్సిన వయసు అదే. మూడో తరగతివాళ్లకి దరఖాస్తు పెట్టి ఐదేళ్లు ఆగితే పౌరసత్వం ఇస్తాం అంటోంది కొత్త బిల్లు. బావ ఆగగలడు, ఆయన వంశమంతా ఆగడంలోనే ఆరితేరింది. పిల్ల ఆగలేదు. దాని దారి నీ మీదుగానే ఉంది, ఎందుకంటే తల్లి వైపు నుంచి కూడా పౌరసత్వం వస్తుందని మొట్టమొదటిసారి రాస్తున్నారు. కాబట్టి చెయ్యి చాపను అన్న మాటని ఇప్పటికి పెన్సిలుతో రాసినట్టు అనుకో. ఏప్రిల్లో మన ఊళ్లో సభ. అంతవరకూ ఓపిక పట్టు.

బావకి నమస్కారాలు, కట్లమ్మకి ముద్దులు,
ప్రభుత్వ గొంతు,
నీ చెల్లెలు


*

ఇంటి నుంచి,
ఏప్రిల్ 20, ఆదివారం.

దేశాన్ని ఒక ఘోర ప్రమాదం నుంచి తప్పించిన వీరవనితకి అక్కగా పుట్టిన అదృష్టవంతురాలికి,

ఆశీస్సులు. ఈసారి నేనే ఇస్తున్నాను, ఎందుకో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. అందరం క్షేమం. నా గొంతు ఒక్కటే బాగాలేదు. పదమూడు ఊళ్లు తిరిగి అరిచాక అది పాత తలుపులా పలుకుతోంది.

నిన్న మన టౌన్‌హాల్లో సభ. ఆ హాలు నీకు గుర్తుండే ఉంటుంది, పైన ఐదు ఫ్యాన్లు, తిరిగేవి రెండు. తిరిగే ఫ్యాన్ల కింద ఊరంతా, తిరగని ఫ్యాన్ల కింద మా కమిటీ. అమ్మతో పాటు నాన్న కూడా వచ్చాడు. అవును, వచ్చాడు. ఇంట్లో ఉక్కగా ఉంది, గాలి కోసం వస్తున్నా అన్నాడు. చివరి వరసలో మంచి ఫ్యాను చూసుకుని కూర్చున్నాడు. సభ అయ్యేదాకా పెదవి విప్పలేదు. ఇంటికొచ్చి నీళ్లు తాగి పడుకున్నాడు. ఆయన సంగతి అంతే.

మొదటి క్లాజు చదివాను: దొరికిన బిడ్డ తల్లిదండ్రులెవరో తెలియకపోతే ఆ బిడ్డ ఈ దేశపు పౌరుడే. తిరిగి చెప్పండి అంటే మన మంగలాయన లేచాడు. అంటే అమ్మానాన్నా లేని పిల్లలకి దేశమే అమ్మా నాన్నా అన్నమాట, అయితే బడి ఫీజు ఎప్పుడు కడుతుందో కూడా రాయండి అన్నాడు. నిదానం గారు నవ్వకుండా, అర్థం సరిగ్గానే ఉంది, డిమాండు వేరే శాఖది అన్నారు. తర్వాతది: ఇకపై పెళ్లి వల్ల స్త్రీ పౌరసత్వం మారదు. సైకిల్ షాపాయన లేచి, ఇకనుంచి మా ఆవిడ మాట కూడా చెల్లుతుందన్నమాట అన్నాడు. వెనక వరసలోంచి వాళ్లావిడ, మనింట్లో అది ఎప్పుడో అమల్లోకి వచ్చింది, కూర్చో అంది. హాలంతా నవ్వులు. క్లాజు పాసు.

ఇక్కడే ప్రమాదం వచ్చిపడింది. నెమ్మదిగా చెబుతాను, నాకూ నెమ్మదిగానే అర్థమైంది.

మా కమిటీ పనిని రెండుగా పంచుకుంది. ఆడవాళ్ల సంగతి పై అంతస్తులో రాశారు, పిల్లల సంగతి కింది అంతస్తులో. మధ్యలో మెట్లు ఉన్నాయి గానీ, టీ వేళకి తప్ప ఎవరూ దిగలేదు. పై అంతస్తువాళ్లు రాసిన ఎనిమిదో క్లాజు: పెళ్లి వల్ల పౌరసత్వం పోగొట్టుకున్న స్త్రీ, దరఖాస్తు చేసిన తేదీ నుంచి తిరిగి పౌరురాలు అవుతుంది. వినడానికి బంగారంలా ఉంది. కింది అంతస్తువాళ్లు రాసిన పదకొండో క్లాజు: బిడ్డ పుట్టిన రోజున తల్లి గానీ తండ్రి గానీ పౌరులై ఉంటే ఆ బిడ్డకి కూడా పౌరసత్వం ఉంటుంది. ఇదీ బంగారమే. పదమూడు ఊళ్లలో జనం ఈ రెండింటినీ చక్కగా తిరిగి చెప్పారు. రెండూ పాసయ్యాయి.

ఇప్పుడు రెండూ కలిపి కట్లమ్మకి తొడిగి చూడు. ఎనిమిది ప్రకారం నువ్వు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి పౌరురాలివి. పదకొండు ప్రకారం, అది పుట్టిన రోజున నువ్వు పౌరురాలివై ఉండాలి. ఆ రోజున కాదు కదా. కాబట్టి నీకు వస్తుంది, దానికి రాదు. పెళ్లయ్యాక పిల్లల్ని కన్న ఏ తల్లి ద్వారానూ ఏ బిడ్డకీ రాదు. తల్లిని లోపలికి పిలిచి, ఆవిడ వెనక తలుపేసినట్టే. ఎవరి దుర్మార్గమూ లేదు, అందరూ మంచివాళ్లే, మధ్యలో ఒక మెట్ల వరస, అంతే.

ఎవరు పట్టుకున్నారంటావా. నిదానం. నీ చెల్లెలే పట్టుకుంది. పదకొండో క్లాజు చదువుతుంటే ఉన్నట్టుండి నా నోరు ఆగిపోయింది. కళ్ల ముందు కట్లమ్మ నిలబడింది, చేతిలో దూదితో సహా. మైకు పట్టుకుని, అధ్యక్షా, ఈ రెండు క్లాజులూ ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు అన్నాను. రెండు ఫ్యాన్లూ నాకు వందనం చేశాయి. నిదానం గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, పై అంతస్తు మేడంనీ కింది అంతస్తు లాయర్‌నీ అక్కడికక్కడే, అందరి ముందూ, ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు. అరగంట గుసగుసలు. చివరికి ‘దరఖాస్తు చేసిన తేదీ నుంచి’ అన్నది కొట్టేసి ఇలా రాశారు: ఆమె పౌరసత్వాన్ని ఏనాడూ కోల్పోనట్టే భావించాలి.

ఏనాడూ కోల్పోనట్టే. ఆ ఐదారు మాటల్నీ నేనే మైకులో చదివాను అక్కా. తిరిగి చెప్పండి అంటే ఎవరో ఒకావిడ, ఎవరో నాకు తెలియదు, బిడ్డని భుజం మీద వేసుకుని లేచింది. అంటే నేను ఎప్పుడూ ఇక్కడిదాన్నే అన్నమాట, అంది. క్లాజు పాసు.

ఇక నీ వంతు. దరఖాస్తు పెట్టు. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, నీ నుంచి ఎప్పుడూ పోలేదని చట్టమే ఒప్పుకుంటోంది. ఒప్పుకున్నవాళ్ల దగ్గర నీ పంతం దేనికి. పైగా ఇది నీ చెల్లెలి చెమట. కనీసం నా గొంతు మీదైనా జాలిపడు.

బావకి నమస్కారాలు. కట్లమ్మని నా గొంతుకి ఏ కట్టు కట్టాలో అడిగి రాయి.
వీరవనిత,
నీ చెల్లెలు


*

ఇంటి నుంచి,
సెప్టెంబర్ 14, ఆదివారం.

ఈ దేశపు పౌరురాలు, పౌరురాలి తల్లి, గవర్నమెంటు స్కూలు టీచరమ్మ గారికి,

వంగి దండం పెడుతున్నాను. ఇన్ని హోదాలు ఉన్నవాళ్లకి మామూలుగా ఎలా రాయాలో కాలేజీలో చెప్పలేదు. ఇక్కడ క్షేమం మామూలుకంటే ఎక్కువ మోతాదులో ఉంది.

బిల్లు సభలో పాసైన రోజున నేను గ్యాలరీలో ఉన్నాను. చట్టం పాసవడం అంటే గంటలు మోగుతాయి, పూలు రాలుతాయి అనుకుంటాం. ఒకాయన ఆవలించాడు, ఇంకొకాయన చెయ్యెత్తాడు, అయిపోయింది. పాత పదహారో సెక్షను చచ్చిపోయింది, ఒక్కరూ ఏడవలేదు. మూడు తరగతులూ కలిపి ఒకటి చేశారు. బావ లాంటివాళ్లకి ఐదేళ్ల షరతు మాత్రం ఉంచారు, దాని మీద మా నిదానం గారు సభ బయట మొదటిసారి నిదానం లేకుండా మాట్లాడారు. ఐదేళ్లని రెండు చేయాలని సవరణ పెడతారట. బావకి చెప్పు, ఆయన కోసం మళ్లీ రైలెక్కడానికి నా గొంతు సిద్ధంగా ఉంది.

నువ్వు మేలో రాసిన ఉత్తరం నా దగ్గర దిండు కింద ఉంది. ‘పట్టుకుంది నువ్వు కాబట్టి దరఖాస్తు పెడుతున్నాను. ఇంకెవరి దయ అయినా పెట్టేదాన్ని కాదు’ అని రాశావు. చదివి చాలా గర్వపడ్డాను. గర్వంతో పాటు ఇంకోటి కూడా పడ్డాను, అది కింద చెబుతాను.

మీ ఊరి కౌంటర్లో కూర్చున్న కుర్రాడు నీకు కుర్చీ వేశాడని, కట్లమ్మ పేరు రాస్తూ దాని స్పెల్లింగ్ రెండుసార్లు అడిగాడని రాశావు. నాకు అదే నచ్చింది. తప్పు రాయకూడదని భయపడ్డాడు, పాపం. మీ ఊరి స్కూల్లో నీకు మళ్లీ టీచరు కుర్చీ ఇచ్చారంటే సగం బెంచీలు నవ్వి ఉంటాయి, మిగతా సగం చెవులు మూసుకుని ఉంటాయి. ఇక మన కట్లమ్మ నర్సింగ్ స్కూలు లిస్టులో పేరు చూసుకుని, అక్కడున్న అటెండరుకి కట్టు కట్టబోయిందన్నది నేను నమ్ముతున్నాను. ఆ పిల్ల మీద నమ్మలేనిది ఏదీ లేదు.

అది హాస్టల్లో చేరే ముందు చూడాలని ఉంది. వచ్చే ఆదివారం పొద్దున బండికి వస్తున్నాను. బావని స్టేషన్‌కి రమ్మను. అమ్మ ఇచ్చే సామాను మోయడానికి నాకు రెండు చేతులే ఉన్నాయి.

ఇట్లు,
దేశభక్తురాలు, అక్కభక్తురాలు,
నీ చెల్లెలు


తా.క. ఇప్పుడు కూర్చో. ఆ రోజు టౌన్‌హాల్లో తప్పు పట్టుకుంది నేను కాదు. నాన్న.

నేను పదకొండో క్లాజు రవ్వంత కూడా అనుమానం లేకుండా చదివేసి, తిరిగి చెప్పండి అన్నాను. చివరి వరసలో లేచి నిలబడ్డాడు. మొదట నాకు సిగ్గేసింది, ఇంటి విషయం ఏదైనా మాట్లాడతాడేమోనని. ఆయన మాత్రం ఆఫీసు గొంతుతో, ఈ లెక్కన తల్లికి వస్తుంది, బిడ్డకి రాదు అన్నాడు. కౌంటర్లో కూర్చునేవాడికి దయ ఉంటే సరిపోదు, ఇవ్వడానికి కాగితం మీద దారి ఉండాలి, నేను ముప్ఫై ఏళ్లు అక్కడ కూర్చున్నాను అన్నాడు. మిగతాదంతా, బెంచీ మీద కూర్చోబెట్టడంతో సహా, నేను రాసినట్టే జరిగింది. ఫ్యాన్లు వందనం చేసింది మాత్రం నాకు కాదు. నీ ఉత్తరం చదివి గర్వంతో పాటు సిగ్గు పడ్డది అందుకే.

ఇంటికి నడిచి వస్తుంటే నీకు రాయవద్దన్నాడు. నేను ఇప్పించానని తెలిస్తే తీసుకోదు, నువ్వు పట్టుకున్నానని రాయి, నీ దగ్గరైతే తీసుకుంటుంది అన్నాడు. అప్పుడే అడిగాను, ఆ రోజు గుమస్తా చేస్తానంటుంటే నువ్వే ఎందుకు కొట్టేశావు నాన్నా అని. చాలా దూరం నడిచాక చెప్పాడు: వాడు కొట్టేస్తే జీవితాంతం వాణ్ణి తిట్టుకునేవాణ్ణి, నేను కొట్టేస్తే నన్నే తిట్టుకోవచ్చు కదా అని. ఇది న్యాయమో కాదో నేను తేల్చను. ఈ కేసు నీది.

మాట తప్పి ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఇప్పుడైతే నువ్వు ఏమీ చేయలేవు. ఇచ్చిన పౌరసత్వాన్ని వెనక్కి తీసుకోకూడదు, ఇవ్వకూడదు అని పద్నాలుగో క్లాజులో ఉంది, చూసుకునే రాస్తున్నాను. ఇంకో సంగతి, ఆదివారం నాతో ఆయన కూడా వస్తున్నాడు. నువ్వు కోపంగా జవాబు రాసి, అది మాకు అందేలోపు మేం రైల్లో ఉంటాం. బావకి ముందే రాసి అడిగాను. సామాను తనే మోస్తానన్నాడు, ఆ మనిషిని మాత్రం మీ అక్కే దింపుకోవాలి అన్నాడు.

ఒక్కటి మిగిలింది. ఆయన అలా చెప్పాక నిదానం గారు అడిగారు, పదమూడు ఊళ్లలో ఎవరికీ తట్టనిది మీకు వినగానే ఎలా తట్టిందండీ అని. నాన్న మైకు వద్దన్నాడు గానీ, ఎవరో అప్పటికే తెచ్చి నోటి దగ్గర పెట్టారు.

“ఆ రెండు తేదీలూ నాకు నోటికొచ్చండి. ఒకటి నేను మా పెద్దమ్మాయి పేరు కొట్టేసిన రోజు. రెండోది మా మనవరాలు పుట్టిన రోజు.”

ఇంట్లో ఆ మాట ఆయన ఒక్కసారీ అనలేదు అక్కా, మనవరాలు అని. ఆ తేదీ ఆయనకి ఎలా తెలుసా అని అమ్మ వైపు చూస్తే, అమ్మ ఫ్యాను వైపు చూస్తోంది.